పోలీసులూ మనమూ

పసిపిల్లలు అన్నం తిననని మారాము చేసినప్పుడు మన ఇండ్లలో తల్లులు చెప్పే మాటలు రెండే. ఒకటి బూచివాడు వస్తున్నాడని, రెండవది పోలీసు వస్తున్నాడని. తెలుగు ఇండ్లలోనూ ఉర్దూ ఇండ్లలోనూ ఈ విషయంలో భేదం లేదు. బూచివాడు అబద్ధమని పిల్లలు ఏడెనిమిదేండ్లకు తెలుసుకొంటారు. పోలీసు భయం మాత్రం మీసాలు వచ్చినా పోదు. అట్టి భయంతో పెరిగిన యువకుని వద్దకు నగర పోలీసు శాఖవారు వచ్చి, పండుగ దినాలలో మాకు స్వచ్ఛంద సేవకులు కావలెను, నీ పేరు వ్రాయించుకొమ్మని అడిగితే, అతడు చేయి ఎత్తేముందు నాలుగు వైపులా చూస్తాడు. అందులో తప్పు లేదు. కొన్ని సంవత్సరాలుగా మన విద్యార్థుల వెంట బందోబస్తు దినాలలో వీధిలో నిలిచినవారము గనుక, కళాశాల కమిటీ పెద్దలు కోరిన మీదట మేము చూచినదీ, చదివినదీ ఇక్కడ వ్రాస్తున్నాము.

ప్రజలతో చెలిమి చేసిన పోలీసు అధికారి మన నగరానికి కొత్త కాదు. రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డిగారు 1920 నుండి 1934 వరకు హైదరాబాదు కోత్వాలుగా ఉన్నారు. ముస్లిం ప్రభువు కొలువులో హిందూ కోత్వాలు. ఉభయ మతాల వారి మన్ననలు పొందినవారు. 1918లో రెడ్డి హాస్టలు ఏర్పడుటకు ముందు నిలిచి, పల్లెల నుండి చదువుకొనుటకు వచ్చిన పిల్లలకు తలదాచుకొనే చోటు కల్పించినారు. సురవరం ప్రతాపరెడ్డిగారు వారి జీవిత చరిత్రను గ్రంథంగానే వ్రాసినారు. అయితే అది ఒక వ్యక్తి ఔదార్యం. కోత్వాలు జవాబు చెప్పవలసినది ప్రభువుకే గాని బస్తీకి కాదు. వారు పదవి వీడిన తరువాత ఆ మంచితనాన్ని ఇచ్చి పొమ్మని అడుగుటకు ప్రజలకు హక్కేమీ లేదు.

ఆంగ్లేయులు చేసిన 1861 నాటి పోలీసు చట్టం సంగతి చెప్పనే అక్కరలేదు. 1857 తిరుగుబాటును అణచిన మరునాడు పుట్టిన ఆ చట్టం ప్రజలను కాపాడుటకంటె ప్రజల నుండి ప్రభుత్వాన్ని కాపాడుటకు పుట్టినది. మన నగరంలో నేటికీ ఊరేగింపుల ఉత్తరువులు 1348 ఫసలీ నాటి నగర పోలీసు చట్టం క్రిందనే వెలువడుతున్నవి. చట్టం పాతది, బస్తీ కొత్తది. ఈ రెంటి నడుమ వంతెన వేయుటకే మైత్రి సంఘాలు, శాంతి కమిటీలు, స్వచ్ఛంద దళాలు మొదలైనవన్నీ పుట్టుకొచ్చినవి. వాటిలో ఏది నిలిచినది, ఏది నీరుగారినది అని విచారిస్తే మాకు ముందుగా తోచేది భివండీ పట్టణం.

భివండీ బొంబాయికి చేరువలో థానా జిల్లాలోని మరమగ్గాల పట్టణం. మన తెలుగు నేతపనివారు కూడా బ్రతుకుతెరువుకు అక్కడికి వలసపోయినారు. ఆ ఊరు 1970లో ఒకసారి, 1984లో మరొకసారి మత కలహాలలో తగులబడినది. 1988లో సురేష్ ఖోపడే అను అధికారి డిప్యూటీ కమిషనరుగా అక్కడికి వచ్చినారు. అంతవరకూ అక్కడ కూడా శాంతి కమిటీలు లేకపోలేదు. కాని అవి అన్ని ఊళ్ళలో ఉండే శాంతి కమిటీలే. పండుగకు వారం ముందు ఇరుపక్షాల పెద్దమనుషులను పిలుస్తారు, షర్బత్ ఇస్తారు, అందరూ లేచి మనమంతా సోదరులమని చెప్పి ఇండ్లకు పోతారు. మరునాడు కలహం లేస్తే ఆ పెద్దమనుషులలో ఒక్కరూ వీధిలో కానరారు. కొందరైతే కలహం వలననే పెద్దమనుషులైనవారు.

ఖోపడే ఈ పద్ధతిని తలక్రిందులు చేసినారు. ఊరంతటా డెబ్బది వరకు మొహల్లా కమిటీలు వేసి, వాటిలో హిందువులనూ ముస్లిములనూ సమానంగా చేర్చినారు. నాయకులను కాదు, ఆ వీధిలో నివసించే సామాన్యులను చేర్చినారు. పెద్ద అధికారి వచ్చి ఉపన్యసించుట గాక, ఆ వీధి బీటు చూచే క్రింది స్థాయి పోలీసులే వారితో కూర్చొని మాట్లాడే ఏర్పాటు చేసినారు. అన్నిటికంటె ముఖ్యం, కలహం లేని దినాలలో సమావేశాలు జరిపినారు. ఇరుగుపొరుగు తగాదాలు వచ్చినప్పుడు అక్కడనే కూర్చొని విప్పుకొన్నారు. నీళ్ళ గొడవను కలిసి తీర్చుకొన్నవారు మతం గొడవ వచ్చిననాడు ఒకరి ముఖం ఒకరు చూడగలరు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలిన తరువాత బొంబాయి రెండుసార్లు రక్తసిక్తమైనది. కూతవేటు దూరంలో ఉన్న భివండీ, అంతకుముందు రెండుసార్లు కాలిన భివండీ, ఈసారి కాలలేదు. తరువాతనే బొంబాయిలోనూ మొహల్లా కమిటీలు పుట్టినవి.

కథ ఇక్కడితో ఆగితే ఎంత బాగుండును! 2006 జులైలో అదే భివండీలో, ఖబ్రస్తాన్ స్థలమని ముస్లిములు చెప్పుకొన్న చోట పోలీసు ఠాణా కట్టబోయినప్పుడు జనమూ పోలీసులూ కలియబడినారు. పోలీసు కాల్పులలో ఇద్దరు పోయినారు. ఇద్దరు పోలీసులను జనం చంపివేసినారు. ఒక ఠాణా ఎక్కడ కట్టవలెనన్న ప్రశ్న అది. నలుగురు కూర్చొని తీర్చుకొనదగిన ప్రశ్న. పద్దెనిమిదేండ్ల క్రితం వేసిన చెట్టుకు నీరు పోసే చేయి మారితే చెట్టు ఏమవుతుందో అక్కడ చూడవచ్చును. అధికారి బదిలీపై పోయినప్పుడు ఆయన కుర్చీతోపాటు ఆయన చెలిమి కూడా బదిలీ అయిపోవడం మన దేశంలో పరిపాటి.

ఇక మన నగరం. 2023లో మిలాద్-ఉన్-నబీ, వినాయక నిమజ్జనం రెండూ ఒకే రోజున, సెప్టెంబరు 28న వచ్చినవి. మన పెద్దలు పోలీసు అధికారులతో సంప్రదించి మిలాద్ జులూసును అక్టోబరు 1కి జరుపుకొన్నారు. మరు సంవత్సరం కూడా ఆ విధంగానే చేసినారు. పత్రికలలో ఇది చిన్న వార్త. పాతబస్తీలో చార్మినారు మీదుగా పోయే ఊరేగింపును ఎరిగినవారికి అది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది. ఆ రెండు రోజులూ మా విద్యార్థులు కొందరు వీధిలో ఉన్నారు. హిందూ విద్యార్థులు మిలాద్ నాడు, ముస్లిం విద్యార్థులు నిమజ్జనం నాడు నిలబడవలెనని వారిలో వారే నిర్ణయించుకొన్నారు, మేము చెప్పలేదు.

వారు చేసిన పని చూడటానికి గొప్పదేమీ కాదు. అఫ్జల్‌గంజ్ వైపు ఉస్మానియా ఆసుపత్రికి పోయే అంబులెన్సులకు దారి విడువవలెను. అందుకు రోడ్డుకు అడ్డంగా ఒక త్రాడు. అంబులెన్సు కూత వినిపించగానే త్రాడు ఎత్తి జనాన్ని ప్రక్కకు జరపడం, పోగానే దింపడం. ఉదయం నుండి అర్ధరాత్రి వరకు అదే పని. తప్పిపోయిన పిల్లలను తెచ్చి డేరాలో కూర్చోబెట్టడం మరొకటి. చేతులు కాయలు కాచినవని సాయంకాలానికి ఒక విద్యార్థి చూపించినాడు.

కాని మేము అక్కడ చూచిన అసలు సంగతి వేరు. బందోబస్తుకు జిల్లాల నుండి వందలాది పోలీసులను తెస్తారు. నల్లగొండ నుండో, ఆదిలాబాదు నుండో ముందురోజు రాత్రి బస్సు దిగిన కానిస్టేబులుకు గల్లీలు తెలియవు, ఉర్దూ అంతంతమాత్రం. ఎదుట ఉన్నది మనుమడు తప్పిపోయి ఏడుస్తున్న ఉర్దూ వృద్ధురాలు. ఆమె చెప్పేది అతనికి అందదు, అతడు అరిచేది ఆమెకు తిట్టులా వినబడుతుంది. వాస్తవానికి అతడు అడుగుతున్నది, పిల్లవాని చొక్కా ఏ రంగు అని. మా ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు ఇద్దరి మధ్య నిలిచి, ఆ మాట ఇటు, ఈ మాట అటు చెప్పినాడు. కానిస్టేబులు గొంతు తగ్గినది. వృద్ధురాలు కొంగుతో కన్నులు తుడుచుకొని అతనిని "బేటా" అని పిలిచినది. సమాసాలు, సంధులు ఎందుకు సార్ అని మమ్ములను ఏటా అడిగే తరగతి అది. చొక్కా రంగు తెలుగులో చెప్పడానికి సంధులు అక్కరలేదు గాని, తెలుగు అక్కరే.

ఆ మరుసటి వారంలో ఒక విద్యార్థి తల్లి మా గదికి వచ్చినది. బురఖా ముసుగు తీయకనే అడిగినది: "సార్, నా కొడుకు ఇక్కడికి చదువుకొనడానికి వస్తున్నాడా, ముఖ్బిరీ నేర్చుకొనడానికి వస్తున్నాడా?" బస్తీలో పోలీసులతో నవ్వుతూ మాట్లాడినవానికి వెంటనే అంటుకొనే పేరు అదే, వేగులవాడని. ఆమె నోరు మూయించడం సులభం. కాని ఆమె గల్లీకి జ్ఞాపకశక్తి ఉన్నది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు ప్రేలి ప్రాణాలు పోయినవి, ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పులలో మరికొన్ని పోయినవి. తరువాత ఎందరో యువకులను పట్టుకొనిపోయినారు. వారిలో పలువురు నిర్దోషులని న్యాయస్థానాలు తేల్చినవి. తెల్లవారుజామున వీధి నాలుగు మూలలా నిలిచి ఇంటింటి తలుపు తట్టి వాహన పత్రాలు అడిగే సోదాలకు ప్రజా సంబంధ కార్యక్రమమని పేరు పెట్టినంత మాత్రాన ఆ గల్లీ దానిని చెలిమిగా తలచదు. ఆమెకు మేము ఇచ్చిన జవాబు ఒక్కటే: మీ వాడు త్రాడు పట్టుకొంటాడమ్మా, అడిగినవారికి దారి చెబుతాడు, ఎవరి ఇంటి సంగతీ ఎవరికీ చెప్పడు, అటువంటిది ఎవరైనా అడిగిన రోజున మేమే పేరు కొట్టివేయిస్తాము. ఆమె నమ్మినదో లేదో గాని కొడుకును మానిపించలేదు.

ఆమె భయం వట్టిది కాదనుటకు తమిళదేశమే సాక్షి. 1993లో రామనాథపురంలో ప్రతీప్ ఫిలిప్ అను అధికారి 'పోలీసు మిత్రులు' అను దళాన్ని ఆరంభించినారు. మంచి ఆలోచన, రాష్ట్రమంతటా వ్యాపించినది. అయితే 2020 జూనులో సాత్తాన్‌కుళం ఠాణా నిర్బంధంలో హింసకు గురియై తండ్రీకొడుకులు మరణించినప్పుడు, ఇట్టి మిత్రుల ప్రమేయం గూర్చి కూడా ఆరోపణలు వచ్చినవి. ఆ సంస్థవారు తమకు సంబంధం లేదన్నారు. జులైలో ప్రభుత్వం ఆ దళాలను రాష్ట్రమంతటా నిషేధించినది. సేవకునికి లాఠీ చూపగానే సేవ ముగిసిపోతుంది. కేరళవారు 2008లో జనమైత్రి పథకం పెట్టినప్పుడు బీటు పోలీసు తానే ఇంటింటికి పోయి కుటుంబాలతో పరిచయం పెంచుకొనే పద్ధతి ఎంచుకొన్నారు. పౌరుణ్ణి పోలీసుగా మార్చుటకంటె పోలీసును పొరుగువానిగా మార్చుట మేలని మా అభిప్రాయం.

మన నగర పోలీసుల కార్యక్రమాలలో మాకు నచ్చినవి లేకపోలేదు. 2014 అక్టోబరులో షీ టీములు వచ్చిన తరువాత బస్సు స్టాపు వద్ద మా విద్యార్థినులు నిలుచునే తీరే మారినది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి రెండు వందలకు పైగా పసివారిని విడిపించినారు; ఆ పిల్లలలో పలువురు బీహారు నుండి తేబడినవారు. ఇక క్రికెట్ పోటీలు, రక్తదానాలు, శాలువలు, ఫోటోల సంగతి వ్రాయుటకు ఉత్సాహం లేదు. రక్తదానం మంచిదే, రక్తం ఎవరికైనా పనికివస్తుంది.

మాకు పని అని తోచినది ఇది. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదు చేసినవారికి ఉచితంగా ఇవ్వవలెనని పాత చట్టంలోనూ ఉన్నది, 2024 జులై 1 నుండి అమలైన కొత్త చట్టంలోనూ ఉన్నది. ఉర్దూ 2017 నుండి తెలంగాణమంతటా రెండవ అధికార భాష. అయినా ఠాణాలో రైటరు వ్రాసేది తెలుగులోనే. వ్రేలిముద్ర వేసే ఇల్లాలికి అందులో ఏమున్నదో తెలియదు. గత సంవత్సరం మా విద్యార్థిని ఒకతె, స్వచ్ఛంద సేవకురాలి బిళ్ళ మెడలో వేసుకొని, పొరుగింటి ఆమె వెంట ఒక ఠాణాకు పోయినది. ఎవరో మోటారు సైకిలు మీద వచ్చి ఆమె చేతిలోని ఫోను లాగుకొనిపోయినారు. కాగితంలో మాత్రం ఫోను "పోగొట్టుకొన్నది" అని ఉన్నది. ఆ అమ్మాయి చదివి, "సార్, లాగుకొన్నారని చెప్పినది, పోగొట్టుకొన్నదని వ్రాసినారు" అన్నది. రెండు క్రియలకు భేదం ఆమెకు మేమే తరగతిలో చెప్పి ఉంటాము. అరగంట వాదం తరువాత కాగితం మార్చి వ్రాసినారు. లాగుకొన్నారంటే నేరం, దర్యాప్తు. పోగొట్టుకొన్నదంటే ఏమీ లేదు.

తరువాతి సమావేశానికి ఆ ఠాణా నుండి వచ్చిన పిలుపుల జాబితాలో ఆ అమ్మాయి పేరు లేదు. ప్రిన్సిపాలుగారి అనుమతితో ఈ సంవత్సరపు జాబితాలో ఆమె పేరునే మొదట వ్రాసి, ఉర్దూ తెలుగు రెండూ చదువగలదని ఎదుట గుర్తించి పంపినాము. ఇది వ్రాసే నాటికి జవాబు రాలేదు. మిగిలిన పదకొండుగురు, ఆమె పేరు వచ్చేవరకు తాము పోమని మాతో చెప్పినారు.