చలికాలం చుట్టాలకు హాజరు

చంద్రపూర్ అనగానే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేవి బొగ్గు, కరెంటు, కాగితం. బల్లార్షా స్టేషన్‌లో దిగి కాగితం మిల్లుకో, బొగ్గుబాయికో పోయిన తాతలున్న ఇళ్ళు మన బస్తీల్లో ఎన్నో. వర్ధా నదికి అవతల ఉన్న రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. చైత్రంలో మహాకాళి జాతరకు ఇప్పటికీ మన వైపు నుంచి జనం వెళ్తారు. ఇంత దగ్గరి ఊరైనా, ఇక్కడి ఎండల సంగతి తెలిసినంతగా చలికాలం సంగతి మనకు తెలియదు. కార్తీకం దాటాక ఈ జిల్లా చెరువుల మీద దూరదేశాల పక్షులు వాలతాయి. సంక్రాంతి రోజుల్లో వాటిని లెక్కబెడతారు. ఆ లెక్కకు రమ్మని పిలుపు వస్తే, రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళాం.

జనవరిలో నీటిపక్షులను లెక్కబెట్టే ఈ పద్ధతి 1987లో మన దేశం వైపు మొదలై, తర్వాత ఆసియాలో చాలా దేశాలకు పాకింది. దీనికి జీతం లేదు, భత్యం లేదు. కాలేజీ పిల్లలు, బడి పంతుళ్ళు, ఫారెస్టు గార్డులు, మనలాంటి షిఫ్టు డ్యూటీవాళ్ళు ఎవరైనా చేరొచ్చు.

మొదటి రోజు ఇరై డ్యాం. చంద్రపూర్ థర్మల్ కరెంటు ఫ్యాక్టరీకీ, పట్టణం కుళాయిలకూ నీళ్ళు ఇక్కడివే. ఈ నీటికి ఒక పక్క తాడోబా అడవి. పొద్దు పొడవకముందే కట్ట మీదికి చేరాం. పొగమంచు విడిచేదాకా ఏమీ కనబడదు, చప్పుడు మాత్రం వినబడుతుంది. వెలుతురు వచ్చాక చూస్తే నీళ్ళ మీద నల్లటి చుక్కలు, చుక్కలు, చుక్కలు.

వాటిని లెక్కబెట్టడం ఎట్లా? ఒకరు దుర్బీనులో చూసి చెబుతారు, ఇంకొకరు రాస్తారు. చిన్న గుంపైతే ఒక్కొక్కటే. పెద్ద గుంపైతే ముందు పది పక్షులను లెక్కబెట్టి, ఆ పది ఎంత జాగా పట్టాయో కన్నుతో కొలుచుకుంటారు. గుంపు మొత్తంలో అలాంటి జాగాలు ఎన్ని ఉన్నాయో చూస్తారు. మిల్లులో కాగితం రీముల లెక్క తెలిసినవాళ్ళకు ఇది తొందరగానే పట్టుబడుతుంది. మధ్యలో గుంపు లేచి ఇంకో చోట వాలితే, లెక్కబెట్టినవాటినే మళ్ళీ లెక్కబెట్టకుండా జాగ్రత్తపడాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి మొదటే చెప్పారు. వెతికిన పక్షి కనబడకపోతే ఆ గడి ఖాళీగా వదలొద్దు, సున్నా అని రాయాలి. ఖాళీ గడి అంటే ఎవరూ చూడలేదని, సున్నా అంటే చూశాం గానీ లేదని.

మాతో వచ్చిన ఒక కుర్రాడు ఉండబట్టలేక అడిగాడు: "పిట్టల్ని లెక్కబెట్టి ఏం జేస్తరు సార్?"

పంతులుగారు నవ్వి, "హాజరు పట్టీ లేకపోతే డ్యూటీకి ఎవరు రాలేదో ఎట్ల తెలుస్తది తమ్ముడూ?" అన్నారు.

ఆ నీళ్ళ మీద వచ్చినవాళ్ళు ఎవరంటే, ఇటుక రంగు ఒంటితో జంటలు జంటలుగా తిరిగే బాతులు. ఇవే మన కథల్లోని చక్రవాకాలు. మరాఠీలోనూ అదే పేరు. తల మీద రెండు నల్లచారలున్న పెద్దబాతులూ ఉంటాయి. ఇవి టిబెట్, మంగోలియా వైపు పిల్లల్ని చేసి, హిమాలయాలు దాటి ఇటు వస్తాయి. 7 వేల మీటర్లకు పైన కూడా ఎగురుతాయని వాటికి యంత్రాలు కట్టి చూసినవాళ్ళు తేల్చారు. సూది తోక బాతులు, నీటికాకులు, ఎర్రకాళ్ళ కొంగలు సరేసరి. వీటిలో చాలావరకు చలికి వలస వచ్చి, ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోయే కూలీలే.

మధ్యాహ్నం జునోనా చెరువు. ఇది అడవి లోపల ఉంటుంది, గార్డు లేకుండా అడుగు పెట్టకూడదు. ఈ జిల్లాలో పులి థర్మల్ ఫ్యాక్టరీ ఆవరణలోకే వస్తుంది, ఇక అడవి సంగతి చెప్పాలా! అక్కడ వల సర్దుకుంటున్న ఒక ఢీవర్ పెద్దాయన, నత్తగుల్ల కొంగను చూపించి మరాఠీలో చెప్పిన మాట బాగా గుర్తుండిపోయింది. దాని ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది, నత్తను పట్టడానికే ఆ ఏర్పాటు. "నీళ్ళు చెడితే నత్త పోతుంది. నత్త పోతే ఈ కొంగ రాదు. కొంగ రాని ఏడు నా వలా తేలికే" అన్నాడు. కాగితం మీద మేం రాసే లెక్కను ఆయన వల బరువులో రాసుకుంటున్నాడు.

రెండో రోజు బల్లార్‌పూర్ దగ్గర వర్ధా ఒడ్డు. గోండు రాజుల కోట కింద నది నెమ్మదిగా సాగుతుంది. ఇసుక తిన్నెల మీద తీతువులు, రాళ్ళ మీద లకుముకి పిట్టలు. ఒడ్డు అడవిలో లెక్క వేరు. ఇక్కడ కన్నుకన్నా చెవి ముఖ్యం. ఒకే బాటలో మెల్లగా నడుస్తూ, ఆగుతూ, కూతను బట్టి రాయాలి. వడ్రంగిపిట్ట చెట్టు కొట్టే చప్పుడూ లెక్కలోకి వస్తుంది. పండిన మర్రి కొమ్మల్లో పచ్చపావురాలు ఆకుల్లో ఆకుల్లా కలిసిపోతాయి. ఇక్కడ దాన్ని హరియల్ అంటారు, మహారాష్ట్ర రాష్ట్ర పక్షి అదే. తీగ మీద కూర్చున్న మన పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. రెండు రాష్ట్రాల పక్షులూ ఒక్క ఒడ్డునే.

లెక్క లేకపోతే ఏమవుతుందో రాబందులు చెబుతాయి. ఒకప్పుడు ఊరి బయట గొడ్డు చస్తే గుంపులుగా దిగేవి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 1980లలో రాసిపెట్టిన లెక్క ఉంది కాబట్టే, 1990ల చివర్లో మళ్ళీ లెక్కబెట్టినప్పుడు నూటికి తొంభై ఐదుకు పైగా పోయాయని తెలిసింది. అప్పుడు కారణం వెతికారు. పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందే చచ్చిన గొడ్డు మాంసంతో రాబందుల కడుపులోకి పోయి చంపుతోందని తేలింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. మన కాగజ్‌నగర్ మిల్లుకు దగ్గర్లో, బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద, 2013లో రాబందుల గూళ్ళు కనబడ్డప్పుడు అది అంత పెద్ద వార్త కావడానికి కారణం ఇదే.

మన కూడు మిల్లుది, గనిది. కాగితానికి వెదురు, నీళ్ళు కావాలి. కరెంటుకు బొగ్గు, నీళ్ళు కావాలి. అదే నీళ్ళు మన బిందెల్లోకీ రావాలి. ఇరై పోయి వర్ధాలో కలుస్తుంది. వర్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. ఇక్కడి నీళ్ళు చెడితే ఆ చెడు మన తాతల ఊళ్ళ దాకా పోతుంది. చంద్రపూర్ నడిబొడ్డున ఉన్న రామాల చెరువు గుర్రపుడెక్కతో, మురుగుతో నిండిపోతే, దాన్ని బాగుచేయాలని 2021లో ఇకో-ప్రో సంస్థ వాళ్ళు నిరాహారదీక్ష పట్టారు. అలాంటి అడుగు వేసేవాళ్ళ చేతిలో ఏటేటా రాసిన లెక్క ఉంటే, "ఇదివరకు ఇన్ని వచ్చేవి, ఇప్పుడు సున్నా" అని అధికారి ముందు పెట్టొచ్చు. ఉత్త మాటను తోసేసినంత సులువుగా కాగితాన్ని తోసెయ్యలేరు.

పిల్లలకు పేర్లు నేర్పడం ఇంకో పని. సోలాపూర్‌లో పుట్టి, విదర్భ అడవుల్లో ఏళ్ళకేళ్ళు ఫారెస్టు అధికారిగా తిరిగిన మారుతి చితంపల్లి మరాఠీలో 'పక్షికోశ్' రాశారు. 2025లో పద్మశ్రీ అందుకుని, అదే ఏడు కన్నుమూశారు. ఇంటిపేరు వింటేనే మనవాళ్ళలా అనిపిస్తుంది. మన ఇళ్ళలో అమ్మమ్మలకు తెలిసిన పిట్టల పేర్లు ఎన్నో. వాళ్ళు ఉండగానే అడిగి ఒక నోటుబుక్కులో రాయించండి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు: డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ముదురు రంగు బట్టలు, మఫ్లరు, టోపీ, టిఫిన్ డబ్బా, మంచినీళ్ళు చాలు. సెంటు పూసుకోవద్దు, ఫోను మోగనివ్వొద్దు, ప్లాస్టిక్ కవరు వదలొద్దు. దుర్బీను లేకపోయినా పరవాలేదు, రాసేవాడి పని ఎప్పుడూ ఖాళీయే. చంద్రపూర్ రాలేనివాళ్ళు మీ బస్తీ పక్కన ఉన్న కుంట దగ్గరికే పోండి. జనవరిలో ఒక పొద్దున, ఒక గంట. ఏం వచ్చాయో, ఎన్ని వచ్చాయో తారీఖు వేసి రాయండి. వచ్చే జనవరిలో అదే కుంట, అదే గంట.