చల్లగా ఉంచే పని

ఎల్‌జీ కంపెనీ చరిత్ర, అది చేసే సరుకుల మీద ఒక పర్యటన కథనం రాయమని సంపాదకులు అడిగారు. అందుకు తిరుపతి జిల్లా శ్రీసిటీ వెళ్లాలి, కొత్త ఫ్యాక్టరీ అక్కడే కడుతున్నారు. నేను మాత్రం విశాఖపట్నంలోని కంచరపాలెం వెళ్లాను. పాత ఐటీఐ దగ్గర ఒక సందులో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే రేకుల షెడ్డు ఉంది. సరుకు ఎంత గొప్పగా తయారైందో ఫ్యాక్టరీవాళ్లు చెబుతారు. పదేళ్లు వాడాక దాని గతి ఏమిటో చెప్పేవాడు మెకానిక్కే. బీచ్ రోడ్డు ఇళ్ల నుంచి వచ్చిన ఏసీల బయటి యూనిట్లు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఉప్పుగాలికి తినేసిన అల్యూమినియం రేకులు వేలితో తాకితే పొడిపొడిగా రాలుతున్నాయి. పాతనగరం నుంచి వచ్చిన వాటిమీద పోర్టు దుమ్ము నల్లగా పేరుకుంది. ఏ కంపెనీ కరపత్రంలోనూ కనబడని ఊరి వాతావరణం ఆ మూల కనబడుతుంది.

మెకానిక్ ఒక ఫ్రిజ్‌కు గ్యాస్ ఎక్కిస్తున్నాడు. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. మన వంటగ్యాస్ కుటుంబానిదే, అంటుకుంటుంది. అందుకే ముందు షట్టర్ పూర్తిగా పైకెత్తించాడు, మిగిలిన పాత గ్యాస్‌ను ఆరుబయటికి వదిలాడు, గొట్టాల్లోకి నైట్రోజన్ పంపాడు, ఆ తర్వాతే టార్చ్ వెలిగించాడు. అతుకు మీద సబ్బు నురగ పూసి బుడగ లేస్తుందేమోనని కళ్లార్పకుండా చూశాడు. వాక్యూమ్ పంపు చాలాసేపు ఆడాక చిన్న సిలిండర్‌ను డిజిటల్ కాటా మీద పెట్టి, స్టిక్కరు మీద ఎన్ని గ్రాములని ఉందో అన్ని గ్రాములే ఎక్కించాడు. కాటా అంకె తగ్గుతున్నంతసేపూ రెండో చేతి వేళ్ల వెనక భాగం రాగి గొట్టానికి ఆనించే ఉంది, వేడి ఎలా పాకుతోందో తెలుసుకోవడానికి. ఈలోగా ఒక పెద్దావిడ తన ఫ్రిజ్ సంగతి అడిగింది: “ఏటి బాబూ, మోటారు బాగున్నా ఇది పనికిరాదా?” అతను తల తిప్పకుండానే చెప్పాడు: “మోటారుకేటీ కాలేదమ్మా. బోర్డు పోనాది. అది బయట దొరకదు, మనకియ్యరు. కొత్తది కొనుక్కోమంటారు.” ఆ ఫ్రిజ్ ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం.

చల్లదనం ఇచ్చే వస్తువును తయారుచేయడం ఒక పని, దాన్ని ఏళ్ల తరబడి చల్లగా ఉంచడం ఇంకో పని. కంపెనీలు మొదటిదాన్నే చరిత్రగా రాసుకుంటాయి, ప్రభుత్వాలు మొదటిదానికే కొబ్బరికాయ కొడతాయి, రెండోదాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లు లేరు. నా వాదన ఇదే. ఎల్‌జీ చరిత్రను చూడండి. 1947లో దక్షిణ కొరియాలోని బూసాన్‌లో కూ ఇన్-హ్వే లక్-హుయ్ అనే రసాయనాల కంపెనీ పెట్టాడు. మొదట చేసింది ముఖానికి రాసుకునే క్రీమ్. డబ్బాల మూతలు పగిలిపోతుంటే గట్టి మూత కోసం వెతుకుతూ 1952లో ప్లాస్టిక్‌లోకి దిగారు. 1958లో అదే ఇంటి నుంచి ఎలక్ట్రానిక్స్ కంపెనీ గోల్డ్‌స్టార్ పుట్టింది, మరుసటేడు కొరియాలో తయారైన తొలి రేడియో వచ్చింది. 1965లో ఫ్రిజ్, 1966లో టీవీ, 1969లో బట్టలుతికే యంత్రం. 1995లో లక్కీ (లక్-హుయ్ పేరు అలా మారింది), గోల్డ్‌స్టార్ కలిసిన పేరు ఎల్‌జీగా కుదించుకుంది. మన దేశానికి వచ్చిన ముప్ఫై ఏళ్లలోపే మన ఇళ్లలో ఇంతగా పాతుకుపోవడం మామూలు విషయం కాదు, మెచ్చుకోవలసిందే. కానీ ఈ వరుసలో అన్నీ ‘మొదటి’వే.

1997లో ఈ గ్రూపు మన దేశంలోకి రెండు తలుపుల గుండా వచ్చింది. ఒకటి ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో, ఫ్రిజ్‌లు టీవీల కంపెనీ ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్‌గా. రెండోది విశాఖలో. గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961 నుంచీ ఉన్న హిందుస్థాన్ పాలిమర్స్‌ను ఈ గ్రూపు రసాయనాల కంపెనీ ఎల్‌జీ కెమ్ కొని ఎల్‌జీ పాలిమర్స్ అని పేరు పెట్టింది. అక్కడ తయారైంది పాలిస్టైరీన్. ఫ్రిజ్ తలుపు తీస్తే కనబడే తెల్లటి లోపలి గోడకు ఎక్కువగా వాడేది ఆ జాతి ప్లాస్టిక్కే. ఇది ఉక్కు నగరమే గానీ ఫ్రిజ్ బయటి రేకుకూ ఈ ఊరికీ సంబంధం లేదు, మన స్టీల్‌ప్లాంట్ చేసేవి కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్. ఫ్రిజ్‌తో విశాఖ బంధం ఆ ప్లాస్టిక్ దగ్గరే ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆ ఫ్యాక్టరీలోని ట్యాంకు నుంచి పాలిస్టైరీన్‌కు ముడిసరుకైన స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, లేకపోతే దానంతటది వేడెక్కి గట్టిపడుతుంది. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది కూడా అదే. ట్యాంకును చల్లబరిచే వ్యవస్థను నిరంతరాయంగా నడపలేదు, వేడెక్కకుండా కలపాల్సిన టీబీసీ రసాయనం నిల్వ లేదు, ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగునే ఉంది, సైరన్ మోగలేదు. కొత్త సాంకేతికత ఏదీ అక్కడ విఫలం కాలేదు. రోజూ చేయాల్సిన పని రోజూ జరగలేదు, అంతే.

ఎల్‌జీ కెమ్ వేరు, ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ వేరు, ఒకరి తప్పు ఇంకొకరికి అంటగట్టకూడదని అనొచ్చు. చట్టం దృష్టిలో అవి వేరే. కానీ మూతల ప్లాస్టిక్ నుంచి రేడియో దాకా వచ్చిన కథను ఒకే ఇంటి వంశవృక్షంగా గర్వంగా చెప్పుకున్నప్పుడు, వెంకటాపురం కొమ్మను మాత్రం నరికి పక్కన పెట్టడం కుదరదు. మరో అభ్యంతరం ఇంకా బలమైనది: పాత ఫ్రిజ్‌లు కరెంటు తాగేస్తాయి, కొత్త ఇన్వర్టర్ కంప్రెసర్లు చాలా ఆదా చేస్తాయి, రిపేరు మోజు దేనికి? నిజమే, ఇరవై ఏళ్ల నాటి డబ్బాను బతికించమని నేనూ అనను. కానీ పెద్దావిడది ఆ ఇన్వర్టర్ ఫ్రిజ్జే. చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు కోసం బాగున్న కంప్రెసర్‌ను, రేకును, గ్యాస్‌ను తుక్కులో పడేస్తే ఆదా ఎక్కడ? ఇక మండే గ్యాస్ ఉన్న యంత్రాన్ని బయటివాళ్ల చేతికి ఇవ్వడం ప్రమాదమంటారు. కొన్ని పదుల గ్రాములకు షెడ్డు మెకానిక్ ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నాడో పైన రాశాను. అందరూ అలా చేయరంటే నేర్పండి. పక్కనే ఐటీఐ ఉంది, అక్కడి పిల్లలకు కావలసింది ఇప్పటి యంత్రాలు, వాటి సర్క్యూట్ పటాలు.

సాధ్యం కాదనడానికి వీల్లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి ఫ్రిజ్ అమ్మే ఏ కంపెనీ అయినా థర్మోస్టాట్లు, సెన్సర్లు, బోర్డులు కనీసం ఏడేళ్లు, తలుపు రబ్బర్లు పదేళ్లు దొరికేలా చూడాలి. బోర్డులు బయటి మెకానిక్కులకు కూడా ఇవ్వాలి. మనకూ 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది, అయితే అందులో సమాచారమే ఉంది, బలవంతం లేదు. అక్కడ ఇవ్వగలిగినవాళ్లు ఇక్కడ ఎందుకివ్వరో అడగాల్సిందే.

2025 మే 8న, అంటే వెంకటాపురం దుర్ఘటనకు ఐదేళ్లు నిండిన మర్నాడు, శ్రీసిటీలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. పెట్టుబడి సుమారు 5 వేల కోట్లు. ఏడాదికి 8 లక్షల ఫ్రిజ్‌లు, 8.5 లక్షల వాషింగ్ మెషీన్లు, 15 లక్షల ఏసీలు, 20 లక్షల కంప్రెసర్లు చేస్తామన్నారు. ఫ్యాక్టరీ రావాలి, పిల్లలకు ఉద్యోగాలు కావాలి. దానితోపాటు ఈ రాష్ట్రంలో తయారయ్యే ప్రతి మోడల్ బోర్డూ విడిభాగాలూ ఏ మెకానిక్ అడిగినా నిర్ణీత ధరకు అమ్మాలని, సర్వీసు పుస్తకాలు తెలుగులో ఐటీఐలకు ఇవ్వాలని ప్రభుత్వం ఒప్పందంలో రాయించుకోవాలి. రాయితీలిచ్చే ప్రభుత్వానికి ఆ మాత్రం అడిగే హక్కు ఉంది.