పెనుకొండలో ఒక చాపకూడు



2024 మార్చి నెలలో, మిరప రెండో కోత అయి మూడో కోతకు ఇంకా పది రోజులు ఉండగా, నేనూ మా ఇంటామే పెనుకొండలో ఉన్న మా చిన్నవాడి దగ్గరకు వెళ్ళాము. నరసరావుపేటలో రైలెక్కి, నంద్యాల మీదుగా ధర్మవరంలో దిగి, అక్కడినుండి బస్సులో పోయాము. మా సామానంతా ఒక సంచి కారం, రెండు సీసాల పండుమిరపకాయ పచ్చడి.

మా వాడు ఐ.టి.ఐ. చదివి, అక్కడ కార్ల విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో పని చేస్తున్నాడు. దక్షిణ కొరియా దేశపు కియా కంపెనీ 2017లో మన ప్రభుత్వంతో ఒప్పందం చేసికొని, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ కట్టిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2019లో అక్కడ కార్లు తయారు కావడం మొదలైంది. దాని వెంట విడిభాగాల కంపెనీలు వచ్చినవి. వాటి వెంట కొరియావారు వచ్చారు. వారి కొరకు ఆ చుట్టుపట్ల చిన్న చిన్న కొరియా హోటళ్ళు వెలిసినవి.

మేము వెళ్ళిన మూడో నాడు మా వాడు, "నాన్నా, నాకు పని నేర్పిన కొరియా ఇంజనీరుగారు మిమ్మల్నీ అమ్మనూ భోజనానికి పిలిచారు" అన్నాడు. నాకు గుండెలో రాయి పడినట్టయింది. వాళ్ళు ఏమేమి తింటారో మా ఊరి రచ్చబండ దగ్గర రకరకాలుగా చెప్పుకొనగా విన్నవాణ్ణి. మా ఇంటామెతో చాటుగా, "తెల్లన్నం ఉంటే రెండు ముద్దలు తిందాము, లేకుంటే కడుపులో బాగాలేదని చెబుదాము" అన్నాను.

అది హోటలు అనేకంటే ఇల్లు అంటే సరిపోతుంది. ముందు గదిలో నాలుగు పొట్టి బల్లలు. చెప్పులు బయట విడిచి, క్రింద పరచిన మెత్తలమీద కూర్చోవాలి. భార్య వండుతుంది, భర్త వడ్డిస్తాడు. మూలనున్న బల్లమీద వాళ్ళ అమ్మాయి బడి పాఠాలు రాసికొంటున్నది. మేము ఇంకా ఏమీ అడుగకమునుపే చిన్న చిన్న గిన్నెలు వచ్చినవి. ఎర్రటి క్యాబేజీ పచ్చడి, మొలకలు, ఆకుకూర, చిన్న ఎండుచేపల వేపుడు. తరువాత బల్ల మధ్యనున్న పొయ్యిమీద కోడిమాంసం, బంగాళాదుంపలు కలిపిన పెద్ద గిన్నె పెట్టారు. అందరికీ అదే గిన్నె. ఒక్కొక్కరి ముందు ఒక గిన్నెడు అన్నం, ఒక పొడుగు చెంచా, రెండు ఇనుప పుల్లలు.

వడ్డన అయింది. ఎవ్వరూ తినడం లేదు. నేను ఆ గిన్నెల వంక చూస్తూ, ఏది ముట్టకూడదో ఏది ముట్టవచ్చునో అని లెక్కపెడుతున్నాను. ఇంజనీరుగారు చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. మా మనవడు గుటకలు మింగుతున్నాడు. కోడలు నా వంక చూసింది. అప్పుడు మా వాడు నా చెవి దగ్గరకు వంగి, "నాన్నా, ఇక్కడ నువ్వే పెద్దవాడివి. నువ్వు చెంచా ఎత్తిందాకా ఆయన ముట్టడు. అది వాళ్ళ దేశపు మర్యాద" అన్నాడు.

ఆ మాటతో నాకు ఎప్పటివో రోజులు జ్ఞాపకమొచ్చినవి.

1968లో నాకు పదేళ్ళు. మిరప కోతకు పోయే దారిలో మా నాయన నన్ను ఒక టీ హోటలు దగ్గర ఆపేవాడు. లోపల బల్లలు ఉండేవి గాని అవి మాకు కావు. బయట పందిరి గుంజకు మా పేటవాళ్ళ గ్లాసులు వేరుగా బోర్లించి ఉండేవి. మా నాయన గ్లాసు తీసి, కడిగి, పట్టుకొని నిలబడేవాడు. లోపలివారందరికీ ఇచ్చిన తరువాత, చేయి తగలకుండా ఎత్తునుండి టీ పోసేవారు. త్రాగి, మళ్ళీ మేమే కడిగి బోర్లించి పోవాలి. అంటరానితనాన్ని రాజ్యాంగం రద్దుచేసి అప్పటికే 18 ఏళ్ళు. అది నేరమని చట్టం వచ్చి 13 ఏళ్ళు. ఆ గుంజకు మాత్రం ఆ కబురు అందలేదు. టీ పోసేటప్పుడు ఆ హోటలాయన మా గ్లాసు వంక చూసే చూపు నేను ఎన్నడూ మరువలేదు.

ఆ చూపే ఇప్పుడు నా కంట్లో ఉన్నదని పెనుకొండలో నాకు తెలిసింది. ఎదుటివాడు నా వయస్సుకు విలువనిచ్చి ఆకలితో ఆగియున్నాడు. నేనేమో అతని అన్నాన్ని అసహ్యించుకొంటున్నాను. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటూ తింటూ, మనుష్యులకు భయపడి వెనుకకు తీసిన సంగతి ఎన్నోసార్లు చదివాను గాని, అది నా సంగతి అని ఎన్నడూ అనుకోలేదు.

భోజనానికి ముందు ప్రార్థన చేయడం మా అలవాటు. కళ్ళు మూసికొని నాలుగు మాటలు చెప్పాను. కళ్ళు తెరిచేసరికి ఆ హోటలాయన చేతిలో పళ్ళెంతో కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆయనది ఏ మతమో నేను అడుగలేదు. చెంచా ఎత్తి, ఆ మధ్య గిన్నెలో ముంచాను. అప్పుడు అందరూ తిన్నారు.

కూర మన కోడికూరంత ఎర్రగా ఉన్నది గాని కొంచెం తీపి తగిలింది. క్యాబేజీ పచ్చడి నోట పెట్టుకొని మా ఇంటామె, "ఏమండీ, ఇది మన ఊరగాయ వరసే గదా! ఉప్పు, కారం, అల్లం, వెల్లుల్లి అన్నీ తెలుస్తున్నాయి" అన్నది. దానిని కిమ్చి అంటారు. అది పులియబెట్టిన పచ్చడి. ఆ దేశంలో చలికాలం కూరగాయలు పండవు గనుక, చలికి ముందే ఇరుగుపొరుగు ఆడవారు కలిసి మణుగుల కొద్దీ పెట్టుకొంటారట. పూర్వం ఆ జాడీలను చెడిపోకుండా నేలలో పాతిపెట్టేవారు. ఇట్లా కలిసి పచ్చడి పెట్టే ఆచారాన్ని 2013లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వాలలో ఒకటిగా గుర్తించింది.

మరునాడు మా ఇంటామె ఒక సీసా పండుమిరపకాయ పచ్చడి తీసికొనిపోయి ఆ వంటామెకు ఇచ్చింది. ఆమె రెండు చేతులతో అందుకొని, వేలితో తీసి నాకి, "కారం" అని తెలుగులోనే అని నవ్వింది. ఒక డబ్బా కిమ్చి మాకు కట్టి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో రైలులో కూర్చొని మన చాపకూడును గురించి ఆలోచించాను. 12వ శతాబ్దంలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భోజనం పెట్టించాడని, మాలవాడైన కన్నమదాసును కొడుకువలె చూచుకొన్నాడని పల్నాటి వీరకథ చెబుతుంది. కారెంపూడి వీరుల తిరునాళ్ళలో నేటికీ చాపకూడు జరుగుతుంది. ఆనాటి చాపకూడులో మాత్రం మిరపకాయ ఉండి ఉండదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు అక్కడికి వెళ్ళిన తరువాతనే తక్కిన దేశాలకు పాకింది. మన దేశానికి పోర్చుగీసువారు తెచ్చారు. కొరియాకు కూడా అది బయటనుండి వచ్చినదే. ఎక్కడిదో మిరపకాయను మనం పరాయిది అనుకోకుండా పొలంలోనూ కంచంలోనూ చోటిచ్చాము. మనుష్యులకు చోటివ్వడానికే వెనుకాడుతున్నాము.

ఇంటికి వచ్చిన వారానికి మూడో కోత మొదలైంది. ఏటా మాదిరిగానే కర్నూలు జిల్లానుండి కూలీలు పిల్లాపాపలతో వచ్చి మా చేను గట్టున గుడిసెలు వేసికొన్నారు. పాఠకులారా, ఇక్కడ నేనొక మాట ఒప్పుకొనవలెను. ఆ కూలీలకు అన్నం పెట్టడానికి మా ఇంట్లో అయిదు సత్తు పళ్ళాలు వేరుగా ఉండేవి. పశువుల కొట్టంలో, దూలం మీద. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో మేము ఎన్నడూ ఆలోచించలేదు. గుంజకు బోర్లించిన గ్లాసులో టీ త్రాగి పెరిగిన నేను, అరవై దాటిందాకా వాటిని చూడనేలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం నేను కొట్టంలోనికి పోయేసరికి దూలం ఖాళీగా ఉన్నది. మా ఇంటామె ఆ అయిదింటినీ తోమి, మా పళ్ళాలలో కలిపి పేర్చింది. నాతో ఏమీ అనలేదు. ఆ పూట వసారాలో పెద్ద పరదా పట్టా పరచి అందరం కూర్చున్నాము. కూలీలలో ఒక ముసలాయన ఉన్నాడు, నాకంటె పెద్దవాడు. ఆయన ముద్ద ఎత్తిందాకా నేను ఆగాను.

ఆయనకు ఎందుకో అర్థం కాలేదు. "తిను సామీ, చల్లారిపోతది" అన్నాడు.

"ముందు నువ్వు తిను, పెద్దాయనా" అన్నాను.