యానాంలో చెల్లని పాయింట్లు

బయట రాష్ట్రాల్లో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్ళల్లో చాలాచోట్ల బీరువాలో ఒక రిసార్ట్ మెంబర్‌షిప్ ఫైలు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒప్పందం, ఏటా కొన్ని రోజుల బస, దానికి ఏటా నిర్వహణ రుసుము. మా ఇంట్లో అది నాన్న పేరు మీద ఉంది. ఊటీ, మున్నార్ వెళ్ళడానికి బాగానే వాడుకున్నాం, ఫిర్యాదేమీ లేదు. దాని హద్దులు ఎక్కడున్నాయో తెలుసుకోవాల్సి వచ్చింది మాత్రం ఈ ఏడే, నాన్నమ్మ వల్ల.

నాన్నమ్మకి 84 ఏళ్ళు. ఫ్రెంచివాళ్ళ కాలంలో యానాంలో పుట్టింది. పెళ్ళయ్యాక తాతయ్యతో సింధనూరు దగ్గర క్యాంపుకి వచ్చేసింది. తుంగభద్ర కాలువ కింద భూములు కొనుక్కుని గోదావరి వైపు నుంచి తరలివచ్చిన రైతుల్లో మా వాళ్ళూ ఉన్నారు. ఇప్పుడావిడ కోరిక ఒకటే. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో, పులస దొరికేటప్పుడు, నలుగురు పిల్లలూ వాళ్ళ కుటుంబాలూ కలిసి తనతో ఒక వారం యానాంలో ఉండాలి. అక్కడ మాకిప్పుడు ఇల్లు లేదు. మేమంతా కలిసి 14 మందిమి.

"పాయింట్లున్నాయి కదమ్మా, వేరే రిసార్టుకి మార్చుకోవచ్చన్నారు, చూడు" అన్నారు నాన్న.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నియమాలు చేతికిస్తే, ఎక్కడ పని చేస్తాయి, ఏ అంచు దగ్గర ఆగిపోతాయి అని వెతకడమే పని. ఈ ఫైలునీ అలాగే చదివాను.

ఈ ఏర్పాటు 1960ల్లో యూరప్‌లో మొదలైంది. 1963లో స్విట్జర్లాండ్‌లో హాపిమాగ్ అనే సంస్థ వచ్చింది. తర్వాత కొన్నేళ్ళకే ఫ్రాన్స్‌లో, ఆల్ప్స్ కొండల్లోని సూపర్‌డెవోలుయి అనే చోట, ఏడాదిలో కొన్ని రోజులకి మాత్రమే గది కొనుక్కునే పద్ధతి పెట్టారు. ఏటా అదే చోటికి వెళ్ళాలంటే ఎవరికైనా విసుగే. అందుకని 1974లో అమెరికాలో ఆర్‌సీఐ పుట్టింది. మన వారాన్ని అక్కడ జమ చేస్తే, ఇంకొకరు జమ చేసిన వారం మనకిస్తారు.

వినడానికి సులువే. కానీ మన వారం విలువ మనం కట్టం. ఏ కాలం, ఎంత గది, ఎన్ని నెలల ముందు జమ చేశాం, ఆ రిసార్టుకి ఎంత గిరాకీ, వీటిని బట్టి వాళ్ళే కడతారు. ఆ విలువకి సమానమైనదో తక్కువదో మాత్రమే దొరుకుతుంది. మార్పిడికి వేరే రుసుము. నిర్వహణ రుసుము బాకీ ఉంటే అసలు మార్పిడే లేదు. ఒకసారి జమ చేశాక మామూలుగా వెనక్కి రాదు, గడువు దాటితే పోతుంది. వచ్చే ఏడాది పాయింట్లు ముందే వాడుకోవచ్చు, అప్పుడు వచ్చే ఏడు ఖాళీ. గదికి ఇంతమందే అనే లెక్క ఉంటుంది కాబట్టి, మా 14 మందికి ఒకే వారంలో ఒకేచోట నాలుగు గదులు దొరకాలి. మన బదులు బంధువుల్ని పంపొచ్చు గానీ డబ్బుకి అమ్మకూడదు.

ఇవన్నీ దాటినా అసలు అడ్డంకి ఇంకొకటి. మాకిచ్చిన పట్టికలో యానాం లేదు. గోదావరి ఒడ్డున ఒక్క ఊరూ లేదు. ఇంకో చిత్రం, ఆ పట్టికలో వానాకాలం చాలాచోట్ల చవక కాలం, మే, డిసెంబరు ఖరీదైనవి. మా నాన్నమ్మ లెక్కలో ఏడాదంతటికీ విలువైన రోజులు ఆ వరద రోజులే.

బాబాయ్ ఒక దారి చెప్పారు. "గోవాకి మార్చుకుందాం, గదులు పాయింట్లలోనే పోతాయి. అక్కడా నీళ్ళున్నాయి కదా!" నాన్నమ్మ ఒక్కమాటే అంది: "నాకు సముద్రం ఎందుకురా, గోదారి కావాలి."

నిజం చెప్పాలంటే గోవా మాట విని నాక్కూడా ఆశ పుట్టింది. కట్టేసిన డబ్బు కదా, వాడకపోతే పోతుంది. పాయింట్లు చేతిలో ఉంటే మనం వెళ్ళాల్సిన ఊరిని వదిలి, పట్టికలో ఉన్న ఊరిని వెతుక్కుంటాం. తెలియకుండానే మన సెలవులన్నీ ఆ పట్టికలోకి వెళ్ళిపోతాయి.

బయట నియమాలు యానాంలో చెల్లకపోవడం కొత్తేం కాదులెండి. 1929లో శారదా చట్టం వచ్చినప్పుడు అది బ్రిటిష్ ఇండియాకే వర్తించింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి యానాంలో పెళ్ళిళ్ళు చేసి వెళ్ళిపోయేవాళ్ళు. 30 చదరపు కిలోమీటర్ల జాగా, అవతల ఒక చట్టం, ఇవతల ఇంకొకటి.

క్యాంపులో పెరిగిన నాన్నకి ఇదంతా కాలువ నీళ్ళ భాషలో అర్థమైంది. అక్కడ నీళ్ళకి వంతు ఉంటుంది, మా కన్నడ స్నేహితులు సరది అంటారు. తాతయ్య రాత్రి వంతు పక్క రైతుకిచ్చి పగటి వంతు తీసుకునేవారట. కానీ ఒకే తూము కింద ఉన్నవాళ్ళ మధ్యే ఆ బదులు చెల్లేది. వాడుకోని వంతు వచ్చే వారానికి దాచుకోవడం ఉండదు. "ఇదీ అంతే. యానాం మన తూము కింద లేదు" అన్నారు.

చివరికి రెండు లెక్కలూ విడదీశాం. యానాం గదుల ఖర్చు నలుగురు పిల్లలూ సమానంగా పెట్టుకున్నారు. ఈ ఏటి పాయింట్లు గడువు లోపల చిన్నత్త వాళ్ళకి ఊరికే ఇచ్చేశాం, వాళ్ళు మడికేరి వెళ్తారు. అతిథి పత్రం నాన్నే తీసిచ్చారు. ఒకదానికొకటి బదులు కట్టలేదు. కట్టి ఉంటే అన్నదమ్ముల మధ్య విలువలు ఎవరు నిర్ణయిస్తారన్న పేచీ వచ్చేది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఫైలుంటే, మీ పెద్దవాళ్ళు వెళ్ళాలనుకునే ఊళ్ళ పేర్లు ముందు ఒక కాగితం మీద రాసుకోండి. పట్టిక తర్వాత తెరవండి.

మేం ఆగస్టులో వెళ్తున్నాం. కాకినాడ దాకా రైలు, అక్కణ్ణుంచి సుమారు 30 కిలోమీటర్లు కారు. నాన్నమ్మ చిన్నప్పుడు యానాం నుంచి ఎదుర్లంకకి పంటు మీద దాటేది. 2002లో వచ్చిన బాలయోగి వారధిని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. పంటు ఆగే రేవు ఎక్కడుండేదో వంతెన మీద నుంచి మాకు చూపిస్తానంటోంది.