ఎక్కిన మెట్లే

నేను తెలుగు పండితుడను. ఛందస్సు, వ్యాకరణము బోధించుటయే నా పని. అయినను సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట, మా గణితోపాధ్యాయులు నెలదినములు సెలవులో నుండుటచే, తొమ్మిదవ తరగతికి లెక్కలు చెప్పవలసిన భారము నాపై పడెను. రాత్రులందు పాఠము చదువుకొని, పగలు దానిని పిల్లలకు చెప్పుచుంటిని.

ఒకనాటి పాఠము సరళరేఖ. బిందువును రెండు సంఖ్యలతోను, గీతను సమీకరణముతోను ముడిపెట్టిన ఈ విద్యకు పునాది వేసిన గ్రంథములలో, ఫ్రెంచి పండితుడు రెనే డెకార్ట్ 1637లో వెలువరించిన జ్యామితి ముఖ్యమైనది. ఒక బిందువును మాత్రమే ఇచ్చినచో, దాని గుండా ఎన్ని గీతలనైనను గీయవచ్చును. వాలును మాత్రమే ఇచ్చినచో, సమాంతరముగా ఎన్ని గీతలనైనను గీయవచ్చును. రెండును ఇచ్చినచో గీయదగిన గీత ఒక్కటియే. వాలు 2/3 అనగా, కుడివైపునకు మూడు గడులు జరిగినచో పైకి రెండు గడులు ఎక్కవలెను. అచ్చట చుక్క పెట్టి, ఇచ్చిన బిందువుతో కలిపి, ఇరువైపుల పొడిగింపవలెను. ఇది నేను చెప్పిన పద్ధతి.

మరునాడు పరీక్ష పెట్టి, (6, 5) బిందువు గుండా 2/3 వాలు గల రేఖను గీయుడని అడిగితిని. దాదాపు అందరును (9, 7) వద్ద చుక్క పెట్టిరి. కొల్లేటి లంక నుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొనుచున్న ఒక బాలుడు మాత్రము ఎడమకు మూడు గడులు జరిగి, క్రిందికి రెండు గడులు దిగి, (3, 3) వద్ద చుక్క పెట్టెను. మరల అట్లే చేసి (0, 1) చేరెను. “వాలు పైకి ఉండగా నీవు క్రిందికి దిగితివేమి?” అని గద్దించి, సున్న వేసితిని. వాడు ఏదో చెప్పబోయెను. నేను వినలేదు. వాడు తల వంచుకొని తన చోటికి పోయి కూర్చుండెను.

ఆ శనివారము మా అమ్మను ద్వారకా తిరుమలకు తీసికొనిపోయితిని. ఆమె కొండ క్రింద పాదుకా మండపమున మ్రొక్కి, మెట్టు మెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు పైకెక్కెను. దర్శనమైన పిదప దిగునప్పుడు, జారునేమో యని నేను చేయి పట్టుకొనబోగా ఆమె నవ్వి, “భయమెందుకు నాయనా? ఎక్కిన మెట్లే గదా దిగుతున్నాం!” అనెను.

ఆ మాటకు నేను నడుమ మెట్టుపైననే నిలిచిపోతిని. మెట్టు వెడల్పు, మెట్టు ఎత్తు ఎక్కువారికొక తీరు, దిగువారికొక తీరు కావు గదా! మెట్ల అంచులకు ఆనించి ఒక త్రాడు బిగించినచో, ఇరువురకును ఆ త్రాడు ఒక్కటియే. వెనుకకు మూడు, క్రిందికి రెండు: రెండును ఋణసంఖ్యలే. ఋణమును ఋణముచే భాగింపగా వచ్చునది ధనమే; వాలు మరల 2/3 యే. ఆ బాలుడు గీసినది, మిగిలిన వారందరు గీసిన రేఖయే! లెక్క తప్పినది వాడు కాదు, నేను. ఇంటికి చేరువరకు వాని వంచిన తలయే నా కన్నుల యెదుట నుండెను.

సోమవారము తరగతిలో అందరి యెదుట, “బాబూ, నీ లెక్క సరియైనది. నేనే తొందరపడి తప్పు చేసితిని” అని చెప్పి, సున్నను కొట్టివేసి పూర్తి మార్కులు వేసితిని. అట్లేల గీసితివని అడుగగా వాడు మెల్లగా, “నా దగ్గర ఒక్కటే గ్రాఫు కాగితమండి. కుడిపక్క చోటు పాత లెక్కకి అయిపోయిందండి” అనెను. వాడు ఆనాడు చెప్పబోయిన మాట అదియే.

ఆ సాయంకాలము పిల్లలను బడి చెంతనున్న ఏలూరు కాలువ గట్టునకు తీసికొనిపోయితిని. కాటన్ దొర పూనికతో 1852లో ఆనకట్ట పూర్తియైన ధవళేశ్వరము నుండి గోదావరి జలము వాలు వలననే ఇంత దూరము పారి వచ్చుచున్నది. వాలు మారనంత మేర, కాలువ అడుగు మట్టము ఒకచోట తెలిసినచో, దిగువ మట్టమును, ఎగువ మట్టమును కూడ లెక్కింపవచ్చును. “దిగువకు పోయినచో మట్టము తగ్గును, ఎగువకు మరలినచో పెరుగును. అయినను కాలువ ఒక్కటియే. వెనుకకు మరలునప్పుడు రెండు గుర్తులను మార్చవలెను. ఒక్కదానినే మార్చినచో అది వేరొక గీత యగును” అని చెప్పితిని. ఈ మారు ఆ బాలుడు తల యెత్తి వినుచుండెను.

అటుపిమ్మట ఉద్యోగ విరమణ వరకు, నా జవాబుతో పొసగని జవాబు కనబడినప్పుడెల్ల, ఎఱ్ఱ సిరా కలము తీయుటకు ముందు, “ఎట్లు చేసితివి నాయనా?” అని అడుగుచుంటిని. బదులు చెప్పువరకు ఓపికతో వినుచుంటిని.