ఒక్క పైపు మూసుకుపోతే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మా సాలూరు సముద్రానికి దూరమే అయినా ఆ గాలి మమ్మల్ని వదల్లేదు. కరెంటు పోయింది. అప్పటికి మా ఇంట్లో నాలుగడుగుల ఉప్పునీటి తొట్టి ఉంది. భీమిలి నుంచి డ్రమ్ముల్లో తెచ్చిన సముద్రపు నీరు, రాళ్ళు, క్లౌన్ చేపలు, నత్తలు. పగడాలు మాత్రం పెట్టలేదు. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, మన సముద్రంలోంచి తీసి పెంచడం నేరం.

అలాంటి తొట్టిలో నీరు ఎలా తిరుగుతుందో చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. పై తొట్టి మూలన గాజు పలకతో కట్టిన చిన్న అర ఉంటుంది. అంచు దాటిన నీరు అందులో పడి, ట్యాంక్ నిపుల్‌కు బిగించిన పీవీసీ పైపు గుండా స్టాండు కిందున్న సంపులోకి దిగుతుంది. అక్కడి మోటారు దాన్ని మళ్ళీ పైకి తోస్తుంది. మోటారు తోసినంతా పైపు దించాలి, లేకపోతే తొట్టి పొర్లుతుంది. మాకు తొట్టి అమర్చినవాళ్ళు పెట్టింది ఒక్కటే పైపు.

కరెంటు లేక నీరు తిరగడం ఆగి, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే పక్కింటాయన లారీ బ్యాటరీ తెచ్చిచ్చాడు. లారీల ఊరు కదా, బ్యాటరీలకు కొదవ లేదు. దాంతో గాలి మోటారు నడిపాం. ఆ తర్వాత ఒక రాత్రి అందరం నిద్రలో ఉండగా కరెంటు వచ్చింది. నీరు కదలని వేళలో నత్త ఒకటి పాకి వెళ్ళి పైపు నోట్లో ఇరుక్కుంది. మోటారు తోస్తూనే ఉంది. సంపులో నీరంతా గచ్చు మీదికొచ్చి, గోడవార ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సును తడిపేసింది.

అమ్మ బాత్రూముకని లేచింది. “ఓర్నాయనో, ఇల్లంతా నీరయిపోనాదిరా!” అన్న కేక, వెంటనే పడిన చప్పుడు. మంచినీటి కంటే ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుంది. అమ్మ మూలుగుతోంది, వెళ్ళి ముట్టుకుంటే ఇద్దరం పోతాం. వెనక్కి తిరిగి వరండాలోకి పరుగెత్తి మెయిన్ దించాను. టార్చి వెలుగులో చూస్తే స్పృహలోనే ఉంది. కాలు జివ్వుమని లాగిందంది. తుంటి ఎముక విరిగింది. కూలిన చెట్లను తప్పించుకుంటూ రామభద్రపురం, గజపతినగరం మీదుగా విజయనగరం చేరేసరికి తెల్లారిపోయింది. దారిలో ప్రతి గుంతకీ అమ్మ నా చేయి బిగించి పట్టుకునేది.

ఆపరేషనయ్యాక అమ్మ చేతికర్రతో నడిచింది. చేపలు చాలావరకు బతికాయి. వాటివంక చూడ్డానికి నాకు చాలాకాలం మనసొప్పలేదు.

తొట్టి తీసేద్దామంటే అమ్మే వద్దంది. అందుకే రెండు పైపులు పెట్టించాను. ఒకటి నీటిలో మునిగి ఉండి, గాలి పీల్చకుండా నిండుగా దించుతుంది. దాని వేగాన్ని గేట్ వాల్వ్‌తో సరిచేస్తాం. రెండోదాని నోరు ఇంకా ఎత్తులో, ఎప్పుడూ పొడిగా ఉంటుంది. మొదటిది మూసుకుపోతే నీరు అందులోకి మళ్ళుతుంది. దానికి వాల్వ్ పెట్టకూడదు. దీన్ని హెర్బీ పద్ధతి అంటారు. ఇంటి బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం.

ఇలాంటి తొట్టి ఉన్నవాళ్ళకు నా మనవి. మోటారు ప్లగ్గు తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టి, నీరు పొర్లకుండా తిరుగుతోందేమో చూడండి. తర్వాత మొదటి పైపు నోరు మూసి, నీరు నేల మీదికి వస్తుందేమో చూడండి. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో మాత్రం ఈ పరీక్షలు చేయకండి, ముందు అది పెట్టించండి.