సంక్రాంతికి సెలవు ఎవరికి?

సంపాదకుడు పంపింది లీడర్‌షిప్ సదస్సు గురించి రాసుకు రమ్మని. కాకినాడ ఊరి చివర, బస్సు దిగి ఆటో ఎక్కితే వచ్చే ఎంబీయే కాలేజీ అది. గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీలో సూటు వేసుకున్న వక్త చేతులు చాచి నవ్వుతున్నాడు. లోపల జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు. వేదిక మీది పెద్దల పేర్లు చదవడానికే చాలాసేపు పట్టింది. తర్వాత వక్తగారు మైకు అందుకుని, పిల్లలందర్నీ లేచి పక్కవాడి భుజం తట్టి ‘నువ్వే లీడర్‌వి’ అని చెప్పమన్నారు. చెప్పారు, చప్పట్లు కొట్టారు, కూర్చున్నారు. ఈ వ్యాసకర్త లేచి బయటికి వచ్చేశాడు. ఆ సదస్సు గురించి రాయదగ్గది అంతకు మించి లేదు.

వరండాలో ఇద్దరమ్మాయిలు గోడకి ఆనుకుని మాట్లాడుకుంటున్నారు. ఒకమ్మాయి గొంతు తగ్గించే ప్రయత్నం కూడా చేయడం లేదు. “లీడర్‌షిప్ స్టైల్స్ ఎన్నే అంటే నిద్రలో లేపినా చెప్తాను. మా మిల్లులో హమాలీ మేస్త్రి రేటు పెంచమని వచ్చి కూర్చుంటే మాత్రం నాన్నే రావాలి. నాకు నోరు పెగలదు.”

తండ్రికి రైస్ మిల్లు ఉంది. మోకాళ్లు సహకరించడం లేదు, ఇక కూతురు చూసుకుంటుందని ఎంబీయేలో చేర్చాడు. ఐసెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది. పిల్లలు ‘ఓబీ’ అని పిలుచుకునే ఆర్గనైజేషనల్ బిహేవియర్ పేపర్లో మంచి మార్కులే వచ్చాయి. హమాలీ మేస్త్రి దగ్గరికి వచ్చేసరికి ఆ మార్కులు అక్కరకు రావడం లేదు. “డీఎం గారి క్లాసుకి వస్తున్నావా?” అంది రెండో అమ్మాయి. ఈ వ్యాసకర్త వాళ్ల వెంట నడిచాడు.

డీఎం గారు అంటే డిపో మేనేజర్ గారు. ఆర్టీసీలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా మొదలుపెట్టి డిపో మేనేజరుగా రిటైరైన మనిషి. ఇక్కడ గెస్ట్ ఫ్యాకల్టీ, గంటల లెక్కన జీతం. టైంటేబుల్లో ఆయన గంటకి పేరు లేదు, ‘లైబ్రరీ’ అని ఉంటుంది. ఆ గంటలో ఇష్టమున్నవాళ్లు వచ్చి కూర్చుంటారు.

ప్రొజెక్టర్ ఉంది, ఆయన దాని జోలికి పోలేదు. చాక్‌పీసు అడ్డంగా పట్టి బోర్డు ఈ చివరినుంచి ఆ చివరికి గీతలు లాగారు. స్కేలు లేకుండా లాగినా ఒక్కటీ వంకర పోలేదు. సర్వీసు నంబరు, బయల్దేరే టైము, తిరిగొచ్చే టైము, డ్రైవరు, కండక్టరు, స్పేర్. ప్రతి వరుసా నింపాక ఎడమ బొటనవేలు కణుపుల మీద కదులుతుంది. స్పేర్‌లో ఎంతమంది మిగిలారో లెక్క. ఇన్నేళ్లూ తెల్లారకముందే డ్యూటీ చార్ట్ వేసిన చెయ్యి అది.

తర్వాత చొక్కా జేబులోంచి పదకొండు చీటీలు తీసి బల్ల మీద పరిచారు. అన్నీ ఆయన చేత్తో రాసినవే. “రేపు భోగి. హైదరాబాద్ నుంచి జనం పోటెత్తుతున్నారు, స్పెషల్ బస్సులు వేయమని పైనుంచి ఆర్డరు. సెలవు అడిగినవాళ్లు పదకొండు మంది. నలుగురికి మించి ఇవ్వలేం. ఎవరికిస్తారు?”

చీటీలు చదివితే డిపో మొత్తం కళ్లముందుకి వస్తుంది. ఒకరింటికి కొత్త అల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడు. ఒకరి తల్లికి ఆపరేషన్. మూడేళ్లుగా సంక్రాంతి ఇంట్లో చేసుకోనివాడొకడు. ‘సొంత పని’ అని రాసినవాడి సొంత పని కోడిపందాలని తరగతిలో అందరికీ అర్థమైపోయింది, గోదావరి జిల్లాల పిల్లలు మరి. మరొకడు తనకోసం అడగడం లేదు. క్రిస్మస్ నాడు తన డ్యూటీ చేసిపెట్టిన స్నేహితుడికి ఇప్పుడు సెలవు ఇప్పించమంటున్నాడు.

మొదట లేచిన కుర్రాడు సీనియారిటీ ప్రకారం ఇచ్చేద్దామన్నాడు. రెండోవాడు లాటరీ తీద్దామన్నాడు. “బాగుంది. నీ బదులు లాటరీ నిర్ణయం తీసుకుంది. చీటీ రానివాడు రేపు నాలుగున్నరకి బండి తీస్తాడా?” తర్వాత లేచిన అమ్మాయి పేర్లు నోటీసు బోర్డులో పెట్టేస్తానంది. డీఎం గారు చాక్‌పీసు కింద పెట్టారు. “సెలవు లేదని చెప్పిందెవరమ్మా? నువ్వా, నోటీసు బోర్డా?”

రైస్ మిల్లు అమ్మాయి వంతు వచ్చింది. కొత్త అల్లుడొస్తున్న కండక్టరుగా వెనక బెంచీ కుర్రాణ్ని కూర్చోబెట్టారు, వాడు నటనలో ఏమాత్రం మొహమాటపడే రకం కాదు. ఆ అమ్మాయి నోరు తెరిచింది, మూసింది. తరగతిలో నవ్వులు. మాస్టారు సాయం చేయలేదు, నవ్వేవాళ్లని ఆపలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. చివరికి ఆ అమ్మాయి “నీ బాధ నాకు తెలుసన్నా, కానీ...” అని మొదలుపెట్టింది. “తెలుసు అనకు. నీకు తెలీదు. అడుగు” అన్నారాయన.

అడిగింది. అల్లుడెన్నింటికి వస్తున్నాడు? మధ్యాహ్నం భోజనానికి. అయితే తెల్లవారుజాము బండి చేసి పదకొండింటికి దిగిపోతే? కుర్రాడు కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నాడు. ఒక సెలవు మిగిలింది. ఆ అమ్మాయి మొహంలో వెలుగు చూస్తే సదస్సు హాల్లోని చప్పట్లన్నీ ఇటు తెచ్చి పోయాలనిపించింది.

అలాగని డీఎం గారికి సిద్ధాంతాలంటే చులకన లేదు. క్లాసయ్యాక టీ తాగుతూ, పుస్తకాల్లో ఉన్నదాన్ని కూడా సరిగ్గా చెప్పడం లేదని ఆయన ఫిర్యాదు చేశారు. నిరంకుశ, ప్రజాస్వామ్య, పట్టించుకోని నాయకత్వం అనే మూడు మాటలు ప్రతి విద్యార్థీ అప్పజెబుతాడు. అవి 1939లో కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చాయనీ, అందులో పాల్గొన్నది అమెరికాలోని అయోవాలో బడి వదిలాక క్లబ్బుల్లో బొమ్మలూ మాస్కులూ చేసుకునే పదేళ్ల పిల్లలనీ ఎవరూ చెప్పరు. పిల్లల క్లబ్బులో కనిపించిన సంగతి బస్సు డిపోకి ఎంతవరకు వర్తిస్తుందని అడగడానికి విద్యార్థికి అవకాశమే రాదు. హెన్రీ మింట్జ్‌బర్గ్ ఐదుగురు పెద్ద అధికారుల వెంట ఒక్కొక్కరితో వారం చొప్పున ఉండి, వాళ్లు చేసే పనుల్లో సగం తొమ్మిది నిమిషాలు కూడా సాగవని 1973 నాటి పుస్తకంలో తేల్చాడు. మేనేజర్ అంటే ఏసీ గదిలో ఆలోచిస్తూ కూర్చునేవాడన్న ఊహని కూలదోసిన పరిశోధన అది. “మా డిపోలో తొమ్మిది నిమిషాలు దొరికితే పండగే” అన్నారాయన.

మన దేశంలో పుట్టిన సిద్ధాంతమూ ఉంది. జె.బి.పి. సిన్హా 1980లో ఒక పుస్తకంలో చెప్పాడు: ఇక్కడ నెగ్గుకొచ్చే పై అధికారి కింది వాళ్ల మీద ఆపేక్ష చూపుతాడు, కానీ ఆ ఆపేక్ష పనితో ముడిపడి ఉంటుంది, పని చేసేవాడికి దగ్గరవుతాడు. హమాలీ మేస్త్రితో తలపడబోయే అమ్మాయికి అయోవా పిల్లలకంటే ఇది పనికొచ్చే మాట.

ఇక కాకినాడ సంగతి. ఆంత్రప్రెన్యూర్‌షిప్ పేపర్లో ‘కాకినాడ ప్రయోగం’ అని ఒక షార్ట్ నోట్ ప్రశ్న ఉంటుంది. దేశమంతటా మేనేజ్‌మెంట్ విద్యార్థులు దాన్ని బట్టీపడతారు. ఈ కాలేజీలో ఒక కుర్రాడు “కాకినాడంటే మన కాకినాడేనా సార్?” అని అడిగాడట. మన కాకినాడే బాబూ. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సీట్ కలిసి ఈ ఊరి వ్యాపారుల్ని శిక్షణకి తీసుకెళ్లారు. ఏదైనా సాధించాలన్న తపన పుట్టుకతోనే వస్తుందా, నేర్పితే వస్తుందా అన్నది ప్రశ్న. ఆ శిక్షణ ఉపన్యాసం కాదు. బొమ్మ చూపించి కథ రాయమన్నారు, తమ లక్ష్యం తామే పెట్టుకోమన్నారు, రిస్క్ ఎంత తీసుకుంటారో ఆటలతో తేల్చారు. పోల్చి చూడటానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారుల్ని ఎంచుకున్నారు. శిక్షణ పొందినవాళ్లు ఆ తర్వాత వ్యాపారంలో ఎక్కువ చొరవ చూపారనీ, కులం, సంప్రదాయం దీనికి అడ్డం కాలేదనీ మెక్లెలాండ్, వింటర్ 1969లో పుస్తకం వేశారు. ఆ నిర్ధారణల మీద వాదోపవాదాలు లేకపోలేదు. కానీ ఆ తపన నేర్పవచ్చా అన్న ప్రశ్నకి ప్రపంచం జవాబు వెతుక్కున్న ఊళ్లలో ఇదొకటి. ఆ ఊళ్లోనే అది ఐదు మార్కుల జవాబై కూర్చుంది. ఆ వ్యాపారుల పిల్లలు, మనవలు ఇంకా ఇక్కడ దుకాణాలు నడుపుతూనే ఉండాలి. ఒక్క విద్యార్థినైనా వెళ్లి మాట్లాడి రమ్మని ఏ కాలేజీ పంపిందో!

ఆ సీట్ సంస్థ ఇప్పుడు నిమ్స్‌మేగా హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఉంది. అంతకు ముందే, 1956లో, అదే నగరంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వెలిసింది. ఒకప్పుడు బేరార్ యువరాజు నివాసమైన బెల్లా విస్టా దాని చిరునామా. సైన్యాధిపతిగా రిటైరైన జనరల్ శ్రీనగేశ్ తొలి రోజుల్లో ప్రిన్సిపాల్. ఇంగ్లండ్‌లోని హెన్లీ కాలేజీ నుంచి వాళ్లు తెచ్చుకున్న పద్ధతి పేరు సిండికేట్. వేర్వేరు సంస్థల మేనేజర్లు చిన్న జట్లుగా కూర్చుంటారు. ఒక్కో అంశానికి ఒక్కొక్కరు అధ్యక్షత వహిస్తారు. నిన్న అధ్యక్షుడైనవాడు ఇవాళ మామూలు సభ్యుడు. తోటివాళ్లు ఒప్పుకోకపోతే ఒప్పించుకోవాలి, నివేదిక రాయించాలి. డీఎం గారి చీటీల ఆట దీనికి చిన్న తమ్ముడు. ఆరు దశాబ్దాలకు పైగా మన నడిబొడ్డున ఉన్న ఈ పద్ధతి జిల్లా కాలేజీలోకి ఎందుకు రాలేదు? అప్పటికే మేనేజర్లయినవాళ్లకి దొరికే అభ్యాసం, కాబోయేవాళ్లకి ఎందుకు దొరకదు?

హెచ్‌ఓడీ గారిని అడిగితే ఆయన ఏ దాపరికం లేకుండా చెప్పారు. “యూనివర్సిటీ పేపర్ ఎలా వస్తే మేం అలా చెబుతాం. రిక్రూట్‌మెంట్‌కి వచ్చేవాళ్లు ఇంగ్లీషు, ఎక్సెల్ చూస్తారు గానీ కండక్టరుతో మాట్లాడగలడా అని చూడరు కదండీ.” ఆయన మాటలో నిజముంది. చాలామంది పిల్లలు చేరేది బ్యాంకుల సేల్స్‌లో, మైక్రోఫైనాన్స్‌లో. అయితే అక్కడ కూడా ఏడాది తిరిగేసరికి కింద నలుగురైదుగురు పనివాళ్లు ఉంటారు, ఆ రోజున ఎక్సెల్ ఆదుకోదు. ప్రాజెక్టు రిపోర్టుల మాట ఎత్తకపోవడమే మేలు. ఏ జిరాక్సు సెంటర్‌కి వెళ్లినా పేరు మార్చి బైండింగ్ చేసి ఇస్తారు. ఓడరేవు, ఎరువుల ఫ్యాక్టరీలు, మిల్లులు ఉన్న ఊళ్లో రెండేళ్లు చదివి, ఒక్క షిఫ్టు మారడం కూడా చూడకుండా పట్టా పుచ్చుకుంటున్నారు.

చూడాలంటే చోట్లకేం కొదవ లేదు. ఇప్పటి హనుమకొండ జిల్లా ముల్కనూరులో 1956లో విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన రైతు సహకార సంఘం నేటికీ నడుస్తోంది. 2000లో అక్కడే మహిళల పాల డెయిరీ పుట్టింది, పాలకవర్గమంతా మహిళలే. ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతుంది. పాడి గేదెలు మేపుకునే ఆడవాళ్లు సర్వసభ్య సమావేశంలో లేచి లెక్కలు అడుగుతారు, పాలకవర్గం జవాబు చెప్పాలి. ఎన్నికైన నాయకురాలు ఎన్నుకున్నవాళ్ల ముందు నిలబడి పద్దు అప్పజెప్పడం, ఓబీ పుస్తకంలో ఏ అధ్యాయమూ చూపించలేని దృశ్యం. ఒక బస్సు మాట్లాడుకుని వెళ్తే సరిపోతుంది. పిల్లల్ని రిసార్టుకి ‘ఇండస్ట్రియల్ టూర్’ తీసుకెళ్లే డబ్బు అందుకు చాలు.

ఇప్పటికైతే డీఎం గారి క్లాసుకి మార్కులు లేవు. మార్కులు లేని గంటకి హాజరు తగ్గుతోంది, హాజరు తగ్గిన గంటని వచ్చే సెమిస్టర్లో ఎత్తేయవచ్చని స్టాఫ్ రూములో మాట. సిలబస్ కమిటీల్లో కూర్చునే పెద్దలకు ఒక మనవి: ఓబీ పేపర్లో ఇంటర్నల్ మార్కుల్లో కొంత భాగం ఇలాంటి అభ్యాసానికి కేటాయించండి. డిపోల్లో, మిల్లుల్లో, సహకార సంఘాల్లో పనిచేసి రిటైరైనవాళ్లని పిలిచి, గంటల లెక్కన కాకుండా నెల జీతం ఇవ్వండి. వాళ్ల గంటని టైంటేబుల్లో దాని సొంత పేరుతో రాయండి.